పొయ్యి విన్న మాట

చోడవరంలో అచ్చియ్యమ్మ ఇంట్లో పిల్లలకి వంట నేర్పడం ఎసరు పెట్టడంతోనో కూర తరగడంతోనో మొదలయ్యేది కాదు. మాటలతో మొదలయ్యేది. ఏడేళ్ళు నిండిన పిల్ల, మగైనా ఆడైనా, వంటింటి గడప దాటే ముందు మామ్మ ఎదుట కూచుని అప్పచెప్పాలి. బియ్యం అయిపోతే ఏమనాలి? నిండుకున్నాయనాలి. దీపం ఆరిపోతే? కొండెక్కిందనాలి. పొయ్యి ఆరిపోతే? పడుకుందనాలి. కూర మిగలకపోతే? అందరికీ సరిపోయిందనాలి. ‘లేదు’ అన్న మాటని మాత్రం చెప్పులతోపాటు గడప బయటే వదిలేసి రావాలి.

ఈ మాటలు నలుగురి ఇళ్ళలోనూ అనేవే. నలుగురికీ అది మర్యాద, ఈ ఇంటికి అవసరం. ఆ పొయ్యి వింటుంది. దాని దగ్గర ఏది లేదంటే అది నిజంగానే లేకుండా పోతుంది. అచ్చియ్యమ్మ తోడికోడలు ఒకనాడు పరాకున ‘ఉప్పు లేదు’ అంది. ఆ సాయంత్రం సంతలోంచి తెచ్చిన ఉప్పు తెచ్చినట్టే ఉంది గాని, ఎంత వేసినా నాలుక్కి తగల్లేదు. ఆవిడే పూటపూటా చేతిలో ఉప్పు పట్టుకుని పొయ్యి ముందు ‘ఉప్పూ, రావే’ అని పిలవగా పిలవగా మూడు నెలలకి తిరిగొచ్చింది. అచ్చియ్యమ్మ మొగుడు ఓసారి అదే పొయ్యిలో చుట్ట ముట్టించుకుంటూ ‘ఈ కొంపలో మనశ్శాంతి లేదు’ అన్నాడట. ఆ సంగతి ఇప్పుడెందుకు గాని, వీధిలో అందరికీ తెలిసినదే ఇది. కొందరి పొయ్యి పొగ పెడుతుంది, వీళ్ళ పొయ్యి వింటుంది.

కోడలు చిన్నమ్మి నెలకి మూడు రోజులు పశువులపాకలో విడిగా కూచునేది. అచ్చియ్యమ్మకి కళ్ళు మసక, పొగ పడదు. కాబట్టి ఆ మూడు రోజులూ వంట చిన్నమ్మి పిల్లలిద్దరిది. పదకొండేళ్ళ నూకాలు పొయ్యి ముందు పీట వేసుకునేది. ఎనిమిదేళ్ళ పరదేశి ఎండు చెరకాకు చిన్న చిన్న కట్టలు చుట్టి అందిస్తూ, మధ్యలో వెల్లుల్లి ఒలిచేవాడు. మామ్మ గడప అవతల కర్ర పట్టుకుని కూచుని ముక్కుతో చూసేది.

“ఒసే నూకీ, పోపు మాడతంది సూడు.”

“మాడలేద... మాడకండా దింపేను మామ్మా!”

“అదీ, నాలిక సరిగ్గా తిప్పు. ఒరే పరదేశీ, సింతపండు నానేసేవేటి?”

“ఏసేను.”

“మగగుంటడికి పొయ్యి కాడ పనేటి అప్పా?” అని పక్కింటి సన్యాసమ్మ ఓసారి మూతి తిప్పింది.

“తినడానికి నోరుంది కదేటే? వండడానికి సేతులుండాల” అంది అచ్చియ్యమ్మ.

పిల్లలకి ఆ మూడు రోజులూ పండగలా ఉండేవి. పరదేశి చారు పెడితే తండ్రి సత్యారావు జుర్రుకుని తాగి, ఇంకా పొయ్యమని గిన్నె చాపేవాడు. నూకాలు అన్నం వారిస్తే మెతుకు మెతుక్కీ అంటేది కాదు. ఆ పిల్లకి చేతిలో ఏదో ఉందని అందరూ అనేవారు.

ఎమర్జెన్సీ రోజులు. డెబ్బయ్యారు మార్గశిర మాసం. చెరకు నరుకుళ్ళు మొదలయ్యాయి. అదే సమయంలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకి మనుషుల్ని తీసుకురమ్మని బడిపంతుళ్ళకి కూడా లెక్క అప్పగించారు. నూకాలు చదివే బడిలోని గణపతిరావు మాస్టారు పాపం మెత్తని మనిషి. ఆయన కూడా ఒక పుస్తకం చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. ఇద్దరు పిల్లలున్న మగవాళ్ళంతా ఆయన్ని చూస్తే చెరకుతోటల్లోకి దూరుతున్నారు. ఆపరేషన్ అయితే మళ్ళీ చెరకుమోపు ఎత్తలేమని వాళ్ళ భయం. సత్యారావుకి ఆ భయానికి తోడు ఇంకో కొడుకు కావాలన్న ఆశ కూడా ఉంది.

ఆ ఉదయం చిన్నమ్మి పాకలో ఉంది. అచ్చియ్యమ్మ మజ్జిగ కోసం సన్యాసమ్మ ఇంటికి వెళ్ళింది. నూకాలు పొయ్యి మీద ఐదుగురికి ఎసరు పెట్టి బియ్యం పోసింది. వీధిలోంచి పరదేశి పరుగెత్తుకొచ్చాడు.

“నాన్నా, మాస్టారొస్తన్నారు! పుస్తకం ఉంది!”

సత్యారావు తింటున్న చద్ది వదిలేసి లేచి, నడింట్లో ధాన్యం గాదె వెనక్కి దూరాడు. “నూకీ, నన్నడిగితే లేనని సెప్పీయే” అన్నాడు అక్కణ్ణించే.

గణపతిరావు మాస్టారు వాకిట్లో నిలబడ్డాడు. “అమ్మాయ్, మీ నాన్న ఉన్నాడా?”

నూకాలు లేచి వాకిట్లోకి వెళ్ళి చెప్పాల్సింది. కానీ సరిగ్గా అప్పుడే అన్నం పొంగొచ్చింది. వదిలి లేస్తే గంజి పొయ్యిలో పడుతుంది. మూత పైకెత్తి పట్టుకుని, తెడ్డుతో కలుపుతూ, కూచున్న చోటు నుంచే కేకేసింది.

“నాన్న లేడండీ!”

పొంగు ఠక్కున అణిగిపోయింది. ఎవరో చన్నీళ్ళు పోసినట్టు అయింది గాని ఎవరూ పోయలేదు. పిల్ల తెడ్డు పట్టుకుని అలాగే ఉండిపోయింది. ‘లేదు’ అనకూడదని నేర్పారు దానికి. ‘లేడు’ అనకూడదని ఎవరూ నేర్పలేదు. మనిషిని గురించి ఆ మాట చెప్పి చూపించడానికి కూడా మామ్మకి నోరు రాలేదు మరి. మాస్టారు పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. సత్యారావు నవ్వుకుంటూ గాదె వెనకనుంచి వచ్చి, కూతురి నెత్తి మీద చెయ్యి వేసి, మిగిలిన చద్ది తిన్నాడు.

ఆ మధ్యాహ్నం వడ్డించబోతే కుండలో నలుగురికే అన్నం ఉంది. కొలత తప్పి ఉంటుందనుకున్నారు. నూకాలు తన కంచంలోది తండ్రికి సగం పెట్టింది. సాయంత్రం ఒక సోల పెంచి ఆరు సోలలు పోసినా నలుగురికే అయింది.

మర్నాడు సత్యారావు బస్టాండు దగ్గర టీకొట్టులో కూచున్నాడు. అటు పక్కవాడికీ ఇటు పక్కవాడికీ టీ ఇచ్చి, మధ్యలో అతన్ని దాటిపోయాడు కొట్టువాడు. పిలిస్తే ఉలిక్కిపడి, “నువ్వెప్పుడొచ్చేవు?” అన్నాడు. మంగలి దాసు ముందు కూచుంటే దాసు కత్తి నూరి, ఖాళీ పీట చూసినట్టు చూసి, వెనకవాణ్ణి రమ్మన్నాడు. సత్యారావు ఇదంతా ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. మూడోనాడు కాడి కట్టబోతే సొంత ఎడ్లే అతని గొంతుకి లేవలేదు. ఆ రోజు నవ్వలేదు. నాలుగోనాడు చిన్నమ్మి స్నానం చేసి ఇంట్లోకి వచ్చి మొగుణ్ణి చూసి కొంగు సర్దుకుని, “ఎవరు గావాల బాబూ?” అంది. అన్న తర్వాత గుర్తుపట్టి గోడకి చేరగిలబడి ఏడ్చింది.

అప్పుడు అచ్చియ్యమ్మ పిల్లలిద్దర్నీ పెరట్లోకి, పొయ్యికి దూరంగా తీసుకెళ్ళింది.

“పొయ్యి కాడ ఏటన్నారే?”

నూకాలు చెప్పింది. ముసలామె కొట్టలేదు, తిట్టలేదు. కర్రకి గడ్డం ఆనించి కూచుంది.

“అనమన్నది నాన్నే మామ్మా” అన్నాడు పరదేశి.

“ఎవుడనమంటే ఏటిరా, పొయ్యి ఇన్నది దీని గొంతు. ఇను నూకీ. ఇంక ఆడి అన్నం నువ్వే వండాల. ఆడి బియ్యం నీ సేత్తోనే పొయ్యాల. వండి, పొయ్యి ముందే కూచుని మూడుసార్లు పిలవాల, నాన్నా అన్నానికి రా అని. ఆడు పలికితే ఆ పూటకి ఉంతాడు. రెండు పూటలా పిలవాల.”

“ఎన్నాల్లు మామ్మా?”

“ఉప్పైతే మూన్నెల్లకి నిలబడింది. మనిసి ఎన్నాల్లకి నిలబడతాడో నాకేటి తెల్సు?”

“ఒక పూట మరిసిపోతే?”

అచ్చియ్యమ్మ లేచి, దాని చెయ్యి పట్టుకుని పొయ్యి దగ్గరకి నడిపించింది.

అలా పండగలాంటి వంట ఆ పిల్లకి కాపలా అయింది. పొద్దున్న పదింటికి ఒకసారి, దీపాలవేళ ఒకసారి నూకాలు పొయ్యి ముందు ఉండాలి. పిలిచాక సత్యారావు “వస్తన్నానమ్మా” అని పలికేవాడు, కాళ్ళు కడుక్కుని వచ్చి తినేవాడు. తిన్నాక మళ్ళీ మనిషయ్యేవాడు. ఎడ్లు లేచేవి, టీకొట్టువాడు పలకరించేవాడు. పూట గడిచి ఆకలి వేసే సరికి మళ్ళీ పల్చబడేవాడు. మూడు నెలలు గడిచాయి, ఆరు గడిచాయి, ఏడాది తిరిగింది. మనిషి నిలబడలేదు.

పదింటికి బడి గంట కొట్టేస్తుంది కాబట్టి నూకాలు బడి ఆగిపోయింది. లెక్కల్లో మొదట ఉండే పిల్ల ఏమైందని గణపతిరావు మాస్టారు రెండుసార్లు వచ్చి అడిగాడు. జ్వరమొచ్చిన రోజు తల్లి దాన్ని ఎత్తుకొచ్చి పొయ్యి ముందు కూచోబెట్టి, చేతిలో తెడ్డు పెట్టి, వెనక నుంచి పట్టుకుంది. గంజి వార్చేటప్పుడు సిబ్బి జారి ఎడమచెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కితే, కుడిచేత్తో వండింది. ఆ రోజు సత్యారావు ముద్ద మింగలేకపోయాడు. అయినా మింగాడు. మింగకపోతే కూతురు పడ్డ పాటంతా మట్టిపాలే కదా. మాడుగులలో అతని అక్క నరసమ్మకి పిల్లల్లేరు. నూకాలిని పంపండి, నేను చదివిస్తానని ఎన్నిసార్లు కబురు పెట్టిందో లెక్కలేదు. ప్రతిసారీ వీళ్ళు ఏదో ఒక వంక చెప్పి ఊరుకునేవారు.

రెండేళ్ళు దాటాయి. అచ్చియ్యమ్మకి కొత్త భయం పట్టుకుంది. పిల్ల ఎత్తు పెరిగింది. ఈడొచ్చింది. రేపో మాపో పెద్దమనిషి అయితే తొమ్మిది రోజులు మూల కూచోవాలి, పొయ్యి ముట్టకూడదు. ముసలామె దాని నడక చూస్తూ రోజులు లెక్కపెట్టుకునేది. ఎవరితోనూ అనలేదు గాని, చిన్నమ్మి కూడా అదే చూస్తోందని ఆమెకి తెలుసు.

డెబ్బయ్ తొమ్మిది మాఘమాసంలో ఒక పొద్దున, ఎసరు మరుగుతుండగా, నూకాలు సోలతో బియ్యం పోయబోయి ఆగిపోయింది. దాని పావడా మీది మరక చిన్నమ్మి చూసింది.

“లేయే, లే! పొయ్యి ముట్టకు! అమ్మో, మైల!” అని పిల్ల జబ్బ పట్టుకుని ఇవతలికి లాగింది. లాగినదల్లా అక్కడే ఆగింది. పెరట్లో సత్యారావు కాళ్ళు కడుక్కుంటున్నాడు. అప్పటికే మసగ్గా ఉన్నాడు, అతని వెనక అరటిచెట్టు కనిపిస్తోంది. తల్లి పట్టుకున్న జబ్బ వదల్లేదు, అలా అని లాగనూ లేదు. ఇద్దరూ నిలబడి ఏడుస్తున్నారు.

అచ్చియ్యమ్మ కర్ర పారేసి వంటింట్లోకి వచ్చింది. అరవయ్యేళ్ళుగా ఆ పొయ్యి ముందు ‘లేదు’ అనని మనిషి అరిచింది.

“ఈ ఇంట్లో మైలన్నది లేదు! కూకోయే, వండు!”

మంట ఒకసారి వంగి, లేచింది.

నూకాలు వండింది, పిలిచింది. సత్యారావు పలికి వచ్చి తిన్నాడు. సాయంత్రానికి పిల్ల బట్టలు పొడిగా ఉన్నాయి. మర్నాడూ అంతే. మూల కూచోబెట్టే పనే పడలేదు. గండం గడిచిందని చిన్నమ్మి గ్రామదేవత నూకాలమ్మకి చీర మొక్కుకుంది.

తర్వాతి నెల నూకాలికి రాలేదు, ఆ పై నెలా రాలేదు. చిన్నమ్మికీ రాలేదు. ఆమె సిగ్గుపడి, వేవిళ్ళ కోసం చూసింది. ఏమీ లేదు. పాకలో ఆవు ఈనాల్సిన నెల దాటినా ఈనలేదు. కోడి పొదిగిన పదకొండు గుడ్లూ గుడ్లుగానే ఉండిపోయాయి. చైత్రంలో అచ్చియ్యమ్మకి నెమ్ము చేరి జ్వరం వచ్చింది. డాక్టరు నాడి చూసి, చెప్పాల్సిన వాళ్ళకి చెప్పుకోండన్నాడు. ఎగశ్వాసతో పన్నెండు రోజులు ఉంది. తులసితీర్థం పోశారు, పేరు పేరునా అందరూ వచ్చి చూసి వెళ్ళారు. చావు మాత్రం వాకిలి దాకా వచ్చి లోపలికి రాలేకపోయింది. పదమూడో రోజు లేచి కూచుని గంజి అడిగింది. బతికినందుకు అందరూ సంతోషించారు, ఆమె తప్ప.

ఒక మధ్యాహ్నం కోడల్ని పాక దగ్గర కూచోబెట్టుకుని చెప్పింది.

“నా నోరు పడిపోను చిన్నమ్మీ. పుట్టినా మైలే, సచ్చినా మైలే, ఆడపిల్ల ఎదిగినా మైలే. ఒక్క మాటతో అన్నీ తుడిసిపెట్టేసేను. ఈ ఇంట్లో ఇంక పుట్టడం ఉండదు, పోడం ఉండదు. ఆ నూకికి కడుపు పండదే.”

“మరి నువ్వన్నావు కదత్తా, నువ్వే పిలు. ఉప్పుని పిలిసినట్టు.”

“ఏటని పిలవనే? రావే మైలా, వచ్చి మా ఇంట్లో ఎవుర్నో ఒకర్ని సంపు అని పిలవనా?” ముసలామె కళ్ళు ఒత్తుకుంది. “ఈ గడప దాటితే దానికి ఏటీ అడ్డు ఉండదు. నరసమ్మ కాడికెల్తే అందరి పిల్లల్లాగే ఎదుగుతాది, సదువుకుంతాది. కానీ ఎలగెల్తాది? రెండు పూటలా ఆడిని ఎవుడు పిలుస్తాడు?”

పాక అవతల సత్యారావు ఎడ్లకి కుడితి పెడుతున్నాడు. వాళ్ళకి అతను సరిగ్గా కనబడే వేళ కాదది. చెయ్యి ఎద్దు మెడ మీద ఉంచి అంతా విన్నాడు. ఇంకో కొడుకు కోసం గాదె వెనక దాక్కున్నవాడికి, ఉన్న కూతురు తన కూటి దగ్గర ఇలా ఆగిపోయిందని అప్పుడు పూర్తిగా తెలిసింది. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం పొలం నుంచి పెందలాడే వచ్చాడు. ఇంకా వెలుతురుంది. పెరట్లో రాయి మీద కూచుని కాళ్ళు కడుక్కున్నాడు. పరదేశి చింతచిగురు పళ్ళెంతో అటుగా వెళ్తుంటే ఆపి దగ్గరకి లాక్కున్నాడు.

“సారెట్టడం నీకు బాగా వచ్చేసింది కదరా?”

“ఎప్పుడో వచ్చేసింది నాన్నా. ఇప్పుడు అన్నం కూడా వారుస్తన్నాను. అక్కే, గంజి నీకొద్దు, కాలతాదంతది.”

“నేర్సుకో. అక్క రోజూ ఉండదు కదా” అని వాడి జుట్టు సర్ది, లోపలికి పంపాడు.

వంటింట్లోంచి నూకాలు గొంతు వినిపించింది.

“నాన్నా, అన్నానికి రా!”

రెండున్నరేళ్ళుగా పూటకి మూడుసార్లు విన్న పిలుపు. మొదటి పిలుపుకే పలకడం అతనికి అలవాటు. భుజం మీది తువ్వాలు తీసి మడతపెట్టాడు.

“నాన్నా, అన్నానికి రా!”

ఆ గొంతు వింటే నోరు దానంతటదే తెరుచుకుంటుందని భయపడి, తువ్వాలు మడత పళ్ళ మధ్య పెట్టుకుని గట్టిగా కొరికాడు. కళ్ళల్లోంచి నీళ్ళు దాని మీదే కారాయి.

“నాన్నా! అన్నానికి రా!” మూడోసారి మరింత గట్టిగా పిలిచింది. లోపల ఏదో మూత కింద పడిన చప్పుడైంది. తర్వాత అంతా సద్దుమణిగింది.

వంటింట్లో ఐదు కంచాలు వేసి ఉన్నాయి. నూకాలు వరసగా వడ్డిస్తూ వచ్చి, చివరి కంచం దగ్గర తెడ్డు పట్టుకుని ఆగింది.

“మామ్మా, ఐదు పెట్టేసేనేటి? ఇదెవరికి?”

చిన్నమ్మి కంచాల వైపు చూసి, “లెక్క తప్పినట్టున్నావు, మల్లీ కుండలో ఏసీయే” అంది. నుదుట బొట్టు, చేతుల గాజులు ఎప్పటిలాగే ఉన్నాయి.

అచ్చియ్యమ్మ పెరటివైపు చూసింది. రాయి దగ్గర నీళ్ళు ఇంకా పారుతున్నాయి, రాయి మీద ఎవరూ కూచుని లేరు. కన్నది కాబట్టి కాబోలు, ఆమెకొక్కదానికీ ఆ కంచం ఎవరిదో తెలిసింది. పిలిస్తే పిల్ల మళ్ళీ ఆ పొయ్యికే కట్టుబడిపోతుందని, నోటిదాకా వచ్చిన పేరుని పొయ్యి వినకుండా లోపలికి మింగేసింది.

“నాదే. ఇలగియ్యి, ఆకలేస్తంది” అంది. “రేపు పొద్దున్న మాడుగుల బస్సుకి మీ అత్త నరసమ్మ కాడికి ఎల్దువు గాని. నీ బట్టలు మూట కట్టుకో.”

“రేపేనా! మరి వంటో?”

“నేను సేస్తాను” అన్నాడు పరదేశి.

రోజూ గుప్పెడు మెతుకులకే బతిమాలించుకునే ముసల్ది, తన కంచం తిని, ఆ రెండో కంచం కూడా ముందుకి లాక్కుని, ఒక్కొక్క ముద్దే మింగుతూ మెతుకు మిగలకుండా తింది. కంచం మళ్ళీ చాపి ఇంకాస్త చారు పొయ్యమంది. నూకాలు పోసింది.